పెన్సిల్ రాతలు, ఇంటి ఆనవాళ్ళు

ఆ ఆసుపత్రిలో పెన్ను డాక్టర్లది, పెన్సిల్ నర్సులది. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు. ఎప్పుడో ఒక పెద్ద డాక్టరుగారు, తన పేజీ అంచున ఒక నర్సు పెన్నుతో ఏదో రాసిందని ఫైలు విసిరికొట్టి వార్డంతా దద్దరిల్లేలా కేకలేశాడట. మర్నాడు నర్సులందరూ తలా ఒక పెన్సిల్ కొనుక్కున్నారు. ఆ డాక్టరు రిటైరయ్యాడు, ఆనక పోయాడు, గోడ మీద ఆయన ఫోటో కూడా వెలిసిపోయింది. పెన్సిల్ మాత్రం ఉండిపోయింది.

పెన్నుతో జబ్బు గురించి రాసేవాళ్ళు, పెన్సిల్‌తో మనిషి గురించి రాసేవాళ్ళు. ఫైలు అట్ట లోపలివైపు చూస్తే చాలు, ఆ మనిషి ఎలాంటివాడో తెలిసిపోయేది. "నరం దొరకదు. కుడి మోచేతి వెనకాల చూడండి." "తాగనంటాడు. భార్యను బయటికి పంపి రెండోసారి అడగండి." "వయసు పదేళ్ళు తగ్గించి చెప్తుంది, మందు అసలు వయసుకి ఇవ్వండి." "ఈవిడ నొప్పి అంటే నమ్మండి. ఊరికే అనదు." వాటి మధ్యలో అక్కడక్కడా, కింద రెండు గీతలు గీసి, ఫలానా మందు పడదు, ఇస్తే ప్రాణం మీదికొస్తుంది అని ఉండేది. అలాంటివి పెన్నుతో రాయాలి కదా అంటారా? రాయాలి. రాస్తే, అడక్కుండా ఆ మందు ఇచ్చిన డాక్టరెవరన్న ప్రశ్న వస్తుంది. అందుకని అవి కూడా పెన్సిల్‌లోనే మిగిలిపోయేవి.

ఆ ఫైళ్ళన్నీ ఉండేది కింది అంతస్తులో, దుప్పట్లుతికే యంత్రాల పక్కగదిలో. ఆ గదికి ముప్పై ఒక్కేళ్ళుగా మహారాణి ఫైళ్ళక్క. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది. ఆ పట్టీ కూడా ఆమె గదిలోనే ఉండేది కాబట్టి ఇంకెవరూ చూసిన పాపాన పోలేదు. పొట్టి మనిషి, దారం కట్టిన కళ్ళజోడు, చెయ్యెత్తితే పై అర అందదు గానీ నోరెత్తితే పై అంతస్తుకి వినపడుతుంది. ఫైలు అడిగితే ఇస్తుంది, నంబరు తప్పు చెప్తే తిడుతుంది. రెండూ ఉచితమే.

ఇంతలో ఆసుపత్రికి కంప్యూటర్ల యోగం పట్టింది. పదకొండు వేల ఫైళ్ళూ యంత్రంలో పెట్టి ఫోటోలు తీసి తెర మీదికి ఎక్కించడానికి ఒక కంప్యూటరాయన వచ్చాడు. మంచివాడే. మంచివాళ్ళతోనే వచ్చిందండీ చిక్కంతా, చెడ్డవాళ్ళైతే మనం జాగ్రత్తగా ఉంటాం.

"అక్కా, ఇక నువ్వు ఈ దుమ్ములో దగ్గుకుంటూ చావక్కర్లేదు. వేలు పెడితే మనిషి పుట్టుపూర్వోత్తరాలు మొత్తం వచ్చేస్తాయి" అన్నాడు.

మూడు నెలలకి పని పూర్తయ్యింది. ఆయన ఒక పేజీ తెర మీద చూపించి, "చూడు, టీ మరకల్లేవు, వేలిముద్రల్లేవు. చెత్తంతా యంత్రమే తుడిచేస్తుంది" అంటే ఫైళ్ళక్క కూడా మురిసిపోయింది. నిజమే మరి, ఆ కాగితం కొత్తలో కూడా అంత తెల్లగా లేదు.

వారం తిరక్కుండానే దర్జీ వచ్చాడు. వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న మనిషి, పెద్ద కత్తెర కాలి మీద పడి లోతుగా తెగింది. అత్యవసర గదిలో డాక్టరు తెర చూశాడు. 'పడని మందులు: లేవు' అని ఉంది. మాట వరసకి మనిషిని కూడా అడిగాడు.

"ఏదైనా మందు పడదా?"

"అబ్బే, అన్నీ పడతాయండి" అన్నాడు దర్జీ. ఆయనకు ఎదుటిమనిషిని కాదనే అలవాటే లేదు. అడిగినవాళ్ళందరికీ ఎల్లుండికల్లా కుట్టిచ్చేస్తానని చెప్పీ చెప్పీ, ఆ నాలుకకి 'లేదు' అన్న మాట తిరగదు.

కింద కుళాయి రాక మంచినీళ్ళకని పైకొచ్చిన ఫైళ్ళక్క ఆ మొహం చూసింది. ఆమెకు మనుషులు పేర్లతో గుర్తుండరు, అట్టలతో గుర్తుంటారు. నీలం అట్ట, ఏడో వరస, పెద్ద నర్సమ్మ రాత, కింద రెండు గీతలు. "చీము పట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ పడదు. ఊపిరి ఆగింది." ఆరేళ్ళ కిందటి మాట. సీసా చేతిలోంచి జారిపోయింది. "ఆగండాగండి!" అంటూ వెళ్ళి సూది పట్టుకున్న చెయ్యి పట్టేసుకుంది.

డాక్టరుకు ఒళ్ళు మండింది. కంప్యూటర్‌లో లేదు కదా అన్నాడు. ఆమె కిందికి పరిగెత్తి ఫైలు తెచ్చి ముందు పడేసింది. అట్ట మీద పెన్సిల్ రాత శుభ్రంగా ఉంది. తెర మీద అదే అట్ట ఇంకా శుభ్రంగా ఉంది, ఏ రాతా లేకుండా. డాక్టరు సూది పక్కన పెట్టి ఇంకో మందు ఇచ్చాడు. "పోన్లెండి, ఏం కాలేదు కదా" అన్నారందరూ. ఈ మాట కనిపెట్టినవాడు కనపడితే నాలుగు తగిలించాలి. ఏమైనా అయ్యాక అనడానికి ఇంకో మాట ఉంటుంది వాళ్ళ దగ్గర, "ఏం చేస్తాం, రాసిపెట్టి ఉంది" అని. రాసిపెట్టే ఉంది నాయనా, పెన్సిల్‌తో.

ఫైళ్ళక్క ఆ ఫైలు చంకనపెట్టుకుని కంప్యూటరాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన తెర మీద బొమ్మని పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు.

"మరక అనుకుందక్కా. పెన్ను కంటే లేతగా ఉన్నదంతా మరకే దాని లెక్కలో."

"మరకా? మనిషి ప్రాణం బాబూ అది!"

"మళ్ళీ తీద్దామంటే యంత్రం వెనక్కి వెళ్ళిపోయింది. కాగితాలేమో నలభై రోజుల్లో గుజ్జు చేసే మిల్లుకి పోతున్నాయి."

అప్పుడు మొదలైంది ఆమె పరుగు. తెర మీద 'పడని మందులు' అనే గడి ఉంది, కానీ అది తెరవాలంటే డాక్టరు రహస్య సంకేతం కావాలి. ఒక్కో డాక్టరు దగ్గరికీ వెళ్ళి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఎవరో ఎప్పుడో పెన్సిల్‌తో గీకినదానికి నేనెలా పూచీ పడతానన్నారు. రుజువేదన్నారు.

"ఇంకోసారి గుచ్చి చూడండి, రుజువు దొరుకుతుంది" అంది ఫైళ్ళక్క. ఆ మాటతో తలుపులు మూసుకున్నాయి.

ఆమెకు కూడా ఒక సంకేతం ఇచ్చారు, పాపం. దాంతో తెరుచుకునేది చిరునామా ఒక్కటే. ఇల్లు మారినవాళ్ళవి దిద్దడానికి. చిరునామా కింద 'ఇంటి ఆనవాలు' అని ఒక చిన్న గడి. 'పోస్టాఫీసు ఎదురుగా', 'పచ్చ గేటు' అని రాసుకోవడానికి. నూట ఇరవై అక్షరాలు పడతాయి. ఫైళ్ళక్క ఆ గడి వంక చాలాసేపు చూసింది. నూట ఇరవై అక్షరాల్లో మనిషిని బతికించొచ్చా? పెద్ద నర్సమ్మ అంతకంటే తక్కువలోనే రాసింది.

నలభైలో మిగిలిన రోజులన్నీ అదే పని. ఒక్క వేలితో కొట్టడం. మొగుడు రిటైరైన బస్సు డ్రైవరు, అన్నం డబ్బా తెచ్చి ఇచ్చి అక్కడే బల్ల మీద కూర్చుని అట్టలు చదివి వినిపించేవాడు, ఆమె ఎక్కించేది. స్టాపులు అరిచిన గొంతు కదా, గది మారుమోగిపోయేది. ఒకరోజు ఒక ఫైలు దగ్గర ఆ గొంతు టక్కున ఆగింది.

"ఏంటండీ, ఆగిపోయారు?"

"ఏం లేదే. దీంట్లో పెన్సిలేం లేదు. తర్వాతది చూద్దాం."

ఆమె లాక్కుని చూసింది. అది ఆయన ఫైలే. "తీపి ముట్టనంటాడు. జేబులు చూడండి" అని ఉంది. ఆమె ఒక్క అక్షరం తగ్గించకుండా ఎక్కించింది.

"కట్టుకున్నవాడి పరువు కూడా చూడవా?" అన్నాడాయన.

"సొంత మొగుడిది దాచి పరాయివాళ్ళవి రాస్తే నా చెయ్యి కుళ్ళిపోదూ?" అంది. ఆయన జేబులోంచి బెల్లంబిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, తర్వాతి ఫైలు అందుకున్నాడు.

నలభయ్యో రోజు సాయంత్రానికి అయిపోయింది. ప్రాణం మీదికొచ్చే రాతలు రెండు వందల పన్నెండు తేలాయి. మర్నాడు లారీ వచ్చి కాగితాలు పట్టుకుపోయింది. ముప్పై ఒక్కేళ్ళుగా కాగితం తప్ప దేన్నీ నమ్మని మనిషి, జీవితంలో మొదటిసారి కంప్యూటర్‌ని నమ్మింది. వేరే నకలు రాసుకోలేదు. నమ్మడానికి భలే ముహూర్తం చూసుకుంది!

నర్సులకి సంగతి చెవిన పడింది. తెర తెరవగానే జబ్బు కంటే ముందు ఇంటి ఆనవాలు చూడటం అలవాటు చేసుకున్నారు. ఎనిమిది నెలలు బండి సాఫీగా నడిచింది. అంత సాఫీగా నడుస్తుంటే పైవాళ్ళకి తోచుబాటు కాదు కదా. రోగులందరికీ, ఏడాదికోసారి పరీక్షలు చేయించుకోండి అని ఉత్తరాలు పంపాలని నిర్ణయించారు. కంప్యూటరే రాస్తుంది, కంప్యూటరే మడుస్తుంది, కవరు మీద చిరునామా కంప్యూటరే అచ్చు వేస్తుంది. చిరునామా అంటే మొత్తం చిరునామా, ఆనవాలుతో సహా.

పదకొండు వేల కవర్లు ఊరి మీద పడ్డాయి.

ఏం చెప్పను! ఒక బ్యాంకు మేనేజరు ఇంటికి, పేరు కింద పెద్ద అక్షరాలతో, "తాగనంటాడు. భార్యను బయటికి పంపి రెండోసారి అడగండి" అని వెళ్ళింది. కవరు అందుకున్నది భార్య. బ్యూటీ పార్లరు నడిపే ఆవిడకి వయసు సంగతి వెళ్ళింది, ఆమె కొట్టు నిండా కస్టమర్లు ఉన్నప్పుడు. ఫైళ్ళక్క ఇంటికే ఒకటి వచ్చింది, పోస్టుమాన్ నవ్వు ఆపుకోలేక గడపలోనే చదివి వినిపించాడు. దర్జీ కొట్టు ఆరోజు మూసి ఉంటే ఆయన కవరు పక్కనున్న ఇస్త్రీబండి అతను తీసుకుని, వచ్చేపోయే వాళ్ళందరికీ చదివాడు. "ఏమయ్యా దర్జీ, చీము ఇంజెక్షన్ అంటే నీకు ఊపిరాగుతుందటగా? మా చొక్కా అడిగినా ఆగుతుంది కదూ?" అని పాలావిడ దగ్గర్నుంచి చెప్పులు కుట్టే పెద్దాయన దాకా నెలరోజులు ఆటపట్టించారు. దర్జీ అన్నిటికీ అవునండి, అవునండి అన్నాడు.

ఆసుపత్రి ముందు జనం. విచారణ. పొడుగు బల్లకి అవతల సూపరింటెండెంటూ, ఇంకో నలుగురూ. ఇవతల కుర్చీ లేకుండా ఫైళ్ళక్క.

"రోగుల రహస్యాలు వీధిన పడేశావు" అన్నాడు సూపరింటెండెంటు.

"నేను గదిలో పెట్టానండీ. పోస్టులో వేసింది మీరు."

"చిరునామాలో ఇవి రాయమని ఎవరు చెప్పారు?"

"రాయనిచ్చిన గడి అదొక్కటేనండీ."

అలా అందే గానీ ఆమె లోలోపల సిగ్గుతో చచ్చిపోయింది. తప్పు తప్పే. బ్యాంకు మేనేజరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఆయన భార్య చేతులు పట్టుకుంది. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, "నాకు పెళ్ళయిన ఏడాదే తెలుసమ్మా. నాకు తెలుసని ఆయనకి తెలియకూడదని ఇన్నేళ్ళు జాగ్రత్తపడ్డాను. ఇప్పుడు ఆయన సిగ్గు చూడలేకపోతున్నా" అంది. ఫైళ్ళక్క ఇంటికొచ్చి ఏడ్చింది.

విచారణలో ఆమె ఒక్కటే వేడుకుంది. "నన్నేం చేసినా సరే. ఆ రెండు వందల పన్నెండూ మాత్రం డాక్టర్ల గడిలో వేయించండి. ఆ మందులిస్తే వాళ్ళు పోతారు." ఆధారాలు జతచేసి రాతపూర్వకంగా పెట్టుకోమన్నారు. ఆధారాలు అప్పటికి మిల్లులో అట్టపెట్టెలైపోయాయి.

తీర్పు వచ్చింది. ఆమెను కిటికీ దగ్గర, వచ్చినవాళ్ళకి దారి చెప్పే బల్లకి మార్చారు, కంప్యూటర్ లేకుండా. వార్డుల్లోకి వెళ్ళకూడదు, వైద్యం మాట ఎత్తకూడదు. ఇక ఆనవాళ్ళ గడిని శుభ్రం చేయడానికి కొత్త ప్రోగ్రాం తెప్పించారు. తెలివైనదట. ఏది చిరునామాలా ఉందో అది ఉంచుతుంది, లేనిది తీసేస్తుంది. తీసేసింది. "కుడి మోచేతి వెనకాల" అన్నది చిరునామాలా ఉందని ఉంచింది. "ఎడమ వైపు, రెండోది" అన్నదీ ఉంచింది. ఊపిరి ఆగుతుంది అన్నవి ఏ వీధిలోనూ లేవు కాబట్టి తీసేసింది. తీసేసినవాటి నకలు యంత్రంలో ముప్పై రోజులే ఉంటుంది, ఆ గడువు దాటాక కంప్యూటరాయన స్వయంగా వచ్చి, తలొంచుకుని, ఆ మాట కిటికీలోంచి చెప్పి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది ఆసుపత్రికి బహుమతి వచ్చింది. మందులు పడని రోగులు అతి తక్కువ ఉన్న ఆసుపత్రి అట! లెక్కలు చూసి ఊళ్ళో గాలీ నీరూ శ్రేష్ఠమని తేల్చారు. బహుమతి పలకని అద్దాలపెట్టెలో పెట్టి, ఫైళ్ళక్క కిటికీకి ఎదురుగా బిగించారు. ఆమె రోజూ దాన్ని చూస్తూ "కళ్ళ డాక్టరు పదో నంబరు గది, స్కానింగ్ పక్కసందు" అని జనానికి దారి చెప్పేది.

విచారణ జరిగిన ఏడాదిన్నరకి, ఒక మధ్యాహ్నం, దర్జీని మోసుకొచ్చారు. మేకు గుచ్చుకున్న చెయ్యి పట్టించుకోక, అది చీము పట్టి, జ్వరం తలకెక్కి, మిషను మీదే వాలిపోయాడు. స్పృహ లేదు. మోసుకొచ్చింది ఇస్త్రీబండి అతనూ, పాలావిడా, చెప్పులు కుట్టే పెద్దాయనా. ఫైళ్ళక్క కిటికీలోంచి ఆ మొహం చూసి లేచింది. వార్డుల్లోకి వెళ్ళకూడదన్న మాట కాలికి అడ్డం పడలేదు గానీ, మోకాళ్ళు అడ్డం పడ్డాయి. ఆమె తలుపు దాకా చేరేసరికి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు తెర చూశాడు. పడని మందులు: లేవు. సూది తీశాడు.

"అది కాదు సార్!" అని ముగ్గురూ ఒక్కసారి అరిచారు. "అది చీము ఇంజెక్షనేనా? ఆయనకి పడదు! ఊపిరాగుతుంది!"

"మీకెవరు చెప్పారు?"

"చెప్పడమేంటి సార్, కవరు మీద రాసి పంపింది మీరేగా!" అన్నాడు ఇస్త్రీబండి అతను. "మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు."

డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగింది. తెర వంక చూశాడు, ఆ ముగ్గురి వంక చూశాడు, గుమ్మంలో రొప్పుతున్న ఫైళ్ళక్క వంక చూశాడు. "నిజం బాబూ. నేనే రాశాను" అందామె. ఆయన ఇంకో మందు ఇచ్చాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటే ఇదే. ఇక్కడ గంధర్వుల్లో ఒకావిడ చేతిలో పాలక్యాను కూడా ఉంది.

సాయంత్రానికి దర్జీ కళ్ళు తెరిచాడు. ఎలా ఉందని అడిగితే బాగుందండి అన్నాడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు గానీ, బతికాడు.

మర్నాడు పొద్దున్నే కుర్ర డాక్టరు ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరూ, ఒక కుర్చీ మోసుకుంటూ కిటికీ వెనక గదిలోకి వచ్చాడు. దర్జీ సంగతి తన సంకేతంతో, తన పూచీ మీద, డాక్టర్ల గడిలో ఎక్కించేశాడు.

"అమ్మా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"రెండు వందల పదకొండు ఉన్నాయి బాబూ."

"చెప్పండి. నేను రాస్తాను. ఎవడేమన్నా నా పేరు చెప్పండి."

ఇన్నేళ్ళలో ఒక డాక్టరు ఆ మాట అనగా వినడం ఆమెకు అదే మొదటిసారి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలో కింది గది తెరుచుకుంది. మొదటి వరస, పై అర. పసుపు అట్ట, పాత సైకిల్ షాపాయన, నొప్పి బిళ్ళ పడదు. దాని పక్కది, బడిలో ఆయా, మత్తుమందు సగమే ఇవ్వాలి. ఆమె ఫైలు నంబర్లతో సహా చెప్తూ పోయింది, ఆయన వెతికి పట్టుకుని కొడుతూ పోయాడు. కిటికీ బయట వరస పెరుగుతోంది, జనం విసుక్కుంటున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. మూడో వరస, ఐదో వరస. భోజనాల వేళకి ఎనిమిదో వరస దాటింది. నూట తొంభై. నూట తొంభై ఒకటి. నూట తొంభై రెండు.

అక్కడ ఆగిపోయింది.

"చెప్పండమ్మా."

"ఎర్ర అట్ట బాబూ. ఆడమనిషి. పెద్ద నర్సమ్మ రాతే. రెండు గీతలున్నాయి..." ఆమె నుదురు కొట్టుకుంది. "ఎవరో... ఏ మందో... ఉండు బాబూ, వస్తుంది."

ఆయన కాచుకున్నాడు. ఎర్ర అట్ట రాలేదు, దాని వెనకాలవి కూడా రాలేదు. చివరికి ఫైళ్ళక్క చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు బాబూ. నేను మర్చిపోయాను. రోజూ అనుకుంటూ ఉండాల్సింది, మర్చిపోయాను. వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికే వస్తారు. మీ తెర మీద లేవు అనే ఉంటుంది."

ఫైళ్ళక్క కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ఏ మొహం వెనకైనా ఎర్ర అట్ట కనపడుతుందేమోనని, కిటికీ బయట వరసలో నిలబడ్డవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది.